నేలకు దించిన కుర్చీ

కొత్తగా ఫర్నిచర్ పనిలోకి వచ్చిన పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఒకటే. ఫోటో చూసి వస్తువు ఎట్లా చేస్తారు అని. ఇప్పుడు ఆ ఫోటోలు వాళ్ల ఫోన్లలో ఉంటాయి. మా రోజుల్లో విదేశీ మ్యాగజీన్ నుంచి చించిన కాగితం ఉండేది, నాలుగు మడతలు పెట్టి, మడత దగ్గర రంగు పోయి. ప్రశ్న మాత్రం మారలేదు. ఖరీదైన వస్తువును తక్కువలో ఎట్లా చేయాలి?

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, మా నోట్లో చాందాలో, ఒక ఫర్నిచర్ కార్ఖానాలో నేను నక్షాలు గీసే మేస్త్రీగా పనిచేశాను. గిరాకీ ఇంటికి వెళ్లి కొలతలు తీయడం, అసలు సైజులో నక్షా గీయడం, కార్డుబోర్డు మీద నమూనా ఫర్మాలు కత్తిరించి వడ్రంగులకు ఇవ్వడం నా పని. రంపం, చెక్క నునుపు చేసే రందా నాకు పట్టడం వచ్చు కానీ నేను వడ్రంగిని కాను. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి పనుల వరస, కొలతలు, ఎవరు ఏమన్నారన్నది చాలావరకు నాకు తప్పిపోలేదు. ఎన్నేళ్లకు ఏ జీతం వచ్చింది, ఎప్పుడు ఏ పేరుతో పిలిచారు అన్నవి ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు. ఒక టేబుల్ గురించి, ఒక కుర్చీ గురించి రాస్తాను. నాకు తెలిసిన పని అంతా ఆ రెండింటిలోనే ఉంది.

మడత పెట్టిన కాగితం

తొంభైల మొదట్లో దేశం తలుపులు తెరిచిందని పేపర్లలో రాసేవారు. మా ఊళ్లో ఆ తలుపుల్లోంచి ముందుగా వచ్చినవి బొమ్మలు. డిష్ యాంటెనాలు వచ్చాయి, సీరియళ్లలో ధనవంతుల ఇళ్లు వచ్చాయి, నాగ్‌పూర్ రైల్వే స్టేషన్ దుకాణంలో నున్నటి కాగితం మ్యాగజీన్లు వచ్చాయి. అంతకుముందు గిరాకీ వచ్చి "ఒక మంచం, ఒక బీరువా" అనేవాడు. ఇప్పుడు జేబులోంచి కాగితం తీసి "గిది" అనడం మొదలైంది. పద్మాపూర్ వైపు గని క్వార్టర్ల నుంచి వచ్చేవారు, ఉప్పర్వాహి వైపు సిమెంటు కాలనీల నుంచి వచ్చేవారు. అందరి చేతిలో కాగితమే.

మా యజమాని రాజేశ్వర్ సేటు. బజార్లో వాళ్లకు తాతల నాటి నుంచి ఇనుప సామాన్ల దుకాణం ఉంది. ఫర్నిచర్ షెడ్డు ఆయన సొంతంగా పెట్టుకున్నాడు. గిరాకీ కాగితం విప్పగానే ఆయన ఒకటే మాట అనేవాడు.

"ఫోటో ఫారిన్‌ది, బిల్లు చాందాది. ఇంకేం గావాలె మీకు?"

గిరాకీ నవ్వేవాడు. నవ్విన గిరాకీ బయానా, అంటే అడ్వాన్సు, ఇచ్చాకే కదిలేవాడు. సేటు మీద నాకు చాలా కోపాలు ఉండేవి, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఆయనకు వస్తువు అంటే ముందు నుంచి కనబడేది మాత్రమే. వెనుక ఏముందని అడిగితే "వెనక గోడ ఉంటది" అనేవాడు. కానీ మనిషి చెడ్డవాడు కాదు. అది కూడా రాస్తాను.

కాపీ చేయడంలో సిగ్గు లేదా అని ఒక కుర్రవాడు ఈ మధ్య నన్ను అడిగాడు. ఉంది. ఎవరో తల బద్దలు కొట్టుకుని ఆలోచించి తీర్చిన ఆకారాన్ని మనం టేపు పెట్టి ఎత్తుకొస్తాం. కాకపోతే నాకు అంతకంటే పెద్ద సిగ్గు అనిపించింది వేరే ఉంది. ఆకారం ఎత్తుకొచ్చి, అది అట్లా ఎందుకుందో తెలుసుకోకపోవడం.

చీలిన టేబుల్

సిమెంటు కాలనీలో ఒక పెద్ద ఆఫీసరు ఉండేవారు. ఆయనా భార్యా కోస్తా వాళ్లు. ఆమెను మేం మేడం అనేవాళ్లం. మ్యాగజీన్‌లో ఆమె చూసిన భోజనాల టేబుల్ ఒకే ఒక పెద్ద పలకలా ఉంది. చుట్టూ అంచు లేదు, అతుకు లేదు. నీళ్ల మీద తేలుతున్నట్టు కనబడేది.

"ఇలాంటిదే కావాలండి. నాగ్‌పూర్ షోరూంలో అడిగితే కారు కొనుక్కోవచ్చు అంత చెప్పారు. మీరెంతలో చేస్తారు?" అంది.

నాగ్‌పూర్ నుంచి మంచి బోర్డు తెప్పించి, దానిపై పలచటి టేకు పొర అతికిస్తే ఆ రూపం వస్తుంది. కానీ మా ఊరికి ఆ బోర్డు దొరకడమే కష్టం. టేకు మాత్రం బల్లార్షా కలప డిపోలో కళ్లముందు దుంగలుగా పడి ఉంది. లెక్క వేస్తే అసలు టేకు పలకలే చవక పడ్డాయి. వేరే ఊళ్లో ఇది జరగదు. ఖరీదైన వస్తువుకు చవక నకలు చేయబోయి, అసలు కంటే మంచి కట్టె వేసే అవకాశం మాకే ఉంది.

మా పెద్ద వడ్రంగి బ్రహ్మయ్యకు ఇంతకంటే ఏం కావాలి? "గాల్లది పొట్టు నర్సన్నా, లోపల పొట్టు, పైన పొర. మనది పానమున్న కట్టె" అని నాతో అన్నాడు. ఐదు పలకలు పక్కపక్కన అతికించి, కింద గట్టి చట్రం పెట్టి, ఆ పక్క నుంచి ఈ పక్కకు స్క్రూలు దిగ్గొట్టాడు. గాలి తేమకు కట్టె కదిలితే ఎట్లా అన్నాను. "టేకు కదులుతదా? మా తాత చేసిన దర్వాజ ఇంకా గట్లనే ఉన్నది" అన్నాడు. దర్వాజా చట్రంలో ఉంటుంది, టేబుల్ అట్లా కాదని చెప్పాల్సిన తెలివి అప్పుడు ముగ్గురిలో ఎవరికీ లేదు. సేటు అప్పటికే టెంపో మాట్లాడాడు.

మా ఎండాకాలం గురించి చదివేవారికి చెప్పనక్కరలేదు. మేడం వాళ్ల గదిలో కిటికీకి గడ్డి కూలర్ ఉంది. మూడు నెలలు తడిగాలి టేబుల్ ఒక పక్కకే కొట్టింది. ఆ పక్క పలకలు ఉబ్బాయి. చలికాలం గాలి పొడిబారగానే కుంచించుకుపోదామని చూశాయి. స్క్రూలు పోనివ్వలేదు. ఒకరోజు మధ్యాహ్నం అతిథులు భోజనం చేస్తుండగా టేబుల్ నడిమిలో నిలువునా చీలింది. తుపాకీ పేలినట్టు చప్పుడైందట. పప్పుగిన్నెలోంచి చెంచా ఎగిరి ఒకాయన ఒళ్లో పడిందట. ఆ మాట చెబుతూ మేడం నవ్వింది. మేం నవ్వలేకపోయాం.

బోర్డు కదలదు కాబట్టి అసలు టేబుల్ అట్లా నిలబడింది. మంచి కట్టెకు ప్రాణం ఉంది కాబట్టి మాది చీలింది. మళ్లీ చేశాం. ఈసారి స్క్రూలు పట్టే చోట పొడుగు సందులు తీశాం, కట్టె దానంతటది జరగడానికి. బ్రహ్మయ్య ఆ సందులు తనే తీశాడు. తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. మంచి సామాను వేస్తే మంచి వస్తువు అవుతుందని ఎవరన్నా చెబితే నమ్మకండి.

కుర్చీని ఖాళీగా కొలవకూడదు

టేబుల్ చీలినా మేడం మమ్మల్ని వదిలిపెట్టలేదు. మళ్లీ చేసిచ్చిన పద్ధతి ఆమెకు నచ్చింది. ఆ తర్వాత ఏడాది ఆమె కాగితం పంపలేదు, ఏకంగా కుర్చీనే పంపింది. ఆఫీసరు గారు విదేశం వెళ్లినప్పుడు తెచ్చుకున్న వాలు కుర్చీ అది. పలచటి చెక్క పొరలు ఒకదానిపై ఒకటి అతికించి, అచ్చులో పెట్టి వంచిన చట్రం. దాని మీద తోలు పట్టీలు. కూర్చుంటే వెనక్కి వాలిపోతాం కానీ పడుకున్నట్టు ఉండదు. జంటగా ఇంకోటి కావాలంది. కొనాలంటే విమానం ఎక్కాలట.

కుర్చీ మా షెడ్డుకు వచ్చాక నేను దాన్ని ఖాళీగానే కొలిచి నక్షా గీశాను. ఆ నక్షాలోని వాలు, కూర్చుని చూసిన వాలుతో కలవలేదు. ఎందుకో అర్థం కాక తల పట్టుకున్నాను.

ఆ కారణం పోశం వల్ల తెలిసింది. పోశం మా షెడ్డులో సామాను మోసే మనిషి. బీరువాలను వీపున వేసుకుని మూడంతస్తులు ఎక్కేవాడు. ఆ ఏడాది నుంచి మోత తగ్గించాడు. దగ్గు, ఆయాసం. పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. ఎందుకు పాడయ్యాయో ఖాయంగా చెప్పలేదు. నయం కాదని మాత్రం చెప్పారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందేది కాదు. రాత్రుళ్లు ఇంట్లో గుంజను కరుచుకుని కూర్చుని కునుకు తీసేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాల వేళ అందరం వచ్చేసరికి పోశం మేడం గారి కుర్చీలో ఉన్నాడు. నోరు కొద్దిగా తెరిచి, చేతులు రెండు పక్కలకు వదిలేసి, గాఢంగా నిద్రపోతున్నాడు. దగ్గు లేదు. ఛాతీ పైకీ కిందికీ నెమ్మదిగా కదులుతోంది. సేటు అరవబోతే బ్రహ్మయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. నేను చప్పుడు చేయకుండా వెళ్లి టేపు తీశాను. మనిషి బరువుకు తోలు పట్టీలు ఎంత కిందికి దిగాయి, నడుము ఎక్కడ ఆనింది, తల ఎక్కడ ఆనింది, అన్నీ కొలిచాను. నా నక్షా ఎక్కడ తప్పిందో అప్పుడు దొరికింది. కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, మనిషి కూర్చున్నప్పుడు ఇంకొకటి. కొలవాల్సింది రెండోది.

పోశం లేచేసరికి సాయంత్రం చాయ్ వచ్చింది.

"ఏందిరా పోశం, ఫారిన్ కుర్చీల పన్నవు? దొరసాని చూస్తే నా పని ఖతం" అన్నాడు సేటు.

"నేను పన్నలేదు సేటు, కూసున్న అంతే. కుర్చే పండవెట్టింది" అన్నాడు పోశం. తర్వాత చుట్టూ చూసి, "ఎన్నడు పన్ననో యాదికి లేదు" అన్నాడు.

తునకలతో చేసింది

మేడం గారి రెండో కుర్చీ చేసి పంపాం. వంచే అచ్చు మా దగ్గర లేకపోయినా, చిన్న చిన్న ముక్కలు కట్టె నార ఎటు పోతుందో చూసి అతికించి ఆ వంపు తెచ్చాం. పక్కపక్కన పెడితే ఏది అసలో చెప్పడానికి కొంచెం సేపు పట్టేది. ఆ పని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

రెండు కుర్చీలూ టెంపో ఎక్కిన మరునాడు పోశం భార్య సత్తెమ్మ షెడ్డుకు వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"అన్నా, గా కుర్చీ పోయిందా?"

"నిన్ననే పోయిందమ్మా."

"ఆయన గండ్లనే పన్నడట. ఇంటికొచ్చి దినాం గదే ముచ్చట. గసొంటిది మాకు ఎట్లనన్న ఒకటి అయితదా? తోలు వద్దు, పాలిష్ వద్దు. ఊపిరాడితె సాలు."

సేటు గల్లా దగ్గర కూర్చుని వింటున్నాడు. తల ఎత్తలేదు. "తునకలు ఎట్లైనా పొయ్యిలకే పోతయ్. నేను సూడలే" అన్నాడు. ఆ మాట కోసమే ఆయన చెడ్డవాడు కాదని ముందు రాశాను.

ఆ కుర్చీ చేయడంలో నేర్చుకున్నది ఏ పెద్ద పనిలోనూ నేర్చుకోలేదు. ముందు బ్రహ్మయ్య, వంపు లేకపోతే అది ఆ కుర్చీ ఎట్లా అవుతుందని పట్టుబట్టాడు. నేను రెండు నిలువు చట్రాలు గీసి, వాలు మాత్రం అసలుదే ఉంచాను. వంపు కంటికి, వాలు ఒంటికి. పోశానికి కావాల్సింది వాలు. తోలుకు బదులు కూర్చునే చోట మంచానికి వాడే నవారు బిగించాం, వీపుకూ తలకూ చెక్క పట్టీలు వేశాం. కాళ్లకు ఇనుము వాడలేదు, కట్టె మేకులతోనే బిగించాం.

మొదటి పొరపాటు త్వరగానే బయటపడింది. అది ఎత్తరి మనుషుల దేశంలో పుట్టిన కుర్చీ. పోశం పొట్టి. కాళ్లు నేలకు ఆనక వేలాడి, తెల్లారేసరికి పాదాలు ఉబ్బాయి. కాళ్లు కోసి తగ్గించాం, కూర్చునే చోటు లోతు తగ్గించాం. తర్వాత ఇంకో సంగతి గమనించాను. ఆయాసం ఎక్కువైనప్పుడు మనిషి వెనక్కి వాలడు, ముందుకు వంగి మోచేతులు దేనిమీదైనా ఆనిస్తాడు. అసలు కుర్చీలో దానికి ఏర్పాటు లేదు. కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసుకునే పలక ఒకటి చేసి ఇచ్చాం. నకలు చేసినవాడికి అసలు మీద ఏదైనా హక్కు ఉందంటే, అది ఇట్లాంటి పని చేయడానికే.

మూడో రోజు సత్తెమ్మ మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చింది. "గురక వెట్టిండన్నా" అంది. ఆ మాట చెప్పడానికే అంతదూరం నడిచి వచ్చింది.

ఒక చలికాలం, ఒక ఎండాకాలం పోశం ఆ కుర్చీలోనే నిద్రపోయాడు. పగలు దాన్ని వాకిట్లో వేయించుకుని దారిన పోయేవాళ్లను పలకరించేవాడు. "కూసుంటవా? పైసల్లేవ్, ఫారిన్ మాల్" అనేవాడట.

నేల

వానలు మొదలయ్యాక జబ్బు ముదిరింది. ఇంక ఎక్కువ రోజులు లేవని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. రాజురా పక్క పల్లె నుంచి పోశం అన్న మల్లయ్య, చుట్టాలు వచ్చారు. అక్కడి మా తెలుగు రైతు కుటుంబాల్లో ఒక పట్టింపు ఉంది. ప్రాణం పోయే మనిషిని మంచం మీద ఉంచరు. కిందికి దించి నేల మీద పడుకోబెడతారు. వెన్ను నేలకు తగలాలి. తగలకుండా పోతే ఆ జీవికి దారి దొరకదని వాళ్ల నమ్మకం. నేనూ అదే నమ్మకంలో పెరిగాను. మా నాన్నను నా చేతులతోనే దించాను.

ఒకరోజు ఉదయం సత్తెమ్మ ఆటోలో షెడ్డుకు వచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు.

"అన్నా, మా బావ ఆయన్ని కింద పండవెట్టిండు. పండవెట్టంగనే నీలంగ మారిండు. కండ్లు తేలేసిండు. నేను వొర్రి మల్ల లేపి కుర్చీల కూసోవెట్టిన. మల్ల దించుతమంటున్నరు. దించితె అండ్లనే పోతడు. గట్ల గొంతు పిసికినట్టు పోనియ్యనన్నా నేను."

"మరి నేనేం చెయ్యాలమ్మా?"

"కుర్చీ నువ్వు చేసినవ్. దాన్నే నేలకు తే."

బ్రహ్మయ్య అప్పటికే సంచిలో సామాను వేసుకుంటున్నాడు.

ఊరి చివర ఒక్క గది ఇల్లు, పేడతో అలికిన మట్టి నేల. గదినిండా మనుషులు. పోశం కుర్చీలో, అడ్డపలక మీద మోచేతులు పెట్టి, ఒక్కొక్క ఊపిరినీ లాగుతున్నాడు. స్పృహ ఉంది. మమ్మల్ని చూసి కనుబొమలు ఎగరేశాడు. మల్లయ్య తమ్ముడి కంటే బాగా పొడుగు. తలుపు పక్కన తల వంచుకుని నిలబడ్డాడు.

"మేస్త్రీ, నువ్వు సదువుకున్నోనివి, నువ్వే చెప్పు. మా నాయన నేల మీదనే పాయె. మా అవ్వ నేల మీదనే పాయె. వీన్ని నడుమల ఏలాడదియ్యమంటదా ఈమె?"

"నేలకే తెస్తం మల్లన్నా. కూసున్న మనిషిని కూసున్నట్టే తెస్తం."

"కూసొని పోవుడేంది? ఎక్కడన్న ఉన్నదా?"

"నువ్వు పండవెట్టి సూసినవు కదా" అంది సత్తెమ్మ. మల్లయ్య పక్కకు జరిగాడు.

రంపం పెట్టలేమని చూడగానే తెలిసింది. బ్రహ్మయ్య కాలి మీద చెయ్యి వేసి కొద్దిగా కదిపినా పోశానికి దగ్గు తెర వచ్చింది. ముందు ఇటుకలు తెచ్చి కుర్చీ చట్రం కింద నాలుగు మూలలా దొంతర పెట్టాం. బరువు ఇటుకల మీదికి వచ్చాక బ్రహ్మయ్య సుత్తెకు గుడ్డ చుట్టి, కట్టె మేకులను ఒక్కొక్కటే బయటికి తట్టాడు. తట్టడం, ఆగడం, పోశం ఊపిరి తీసుకోవడం, మళ్లీ తట్టడం. నాలుగు కాళ్లూ ఊడి వచ్చాయి.

"కాళ్లు ఖరాబు జెయ్యకు బ్రహ్మన్నా," అన్నాడు పోశం. ప్రతి మాటకూ ఆగుతున్నాడు. "ఎవనికన్న... బుడ్డోనికి... పనికొస్తయ్."

"నోరు ముయ్యిరా, దమ్ము తీస్కో" అన్నాడు బ్రహ్మయ్య.

మల్లయ్య, నేను, ఇంకో ఇద్దరు తలా ఒక మూల పట్టుకున్నాం. కొంచెం ఎత్తడం, ఒక వరస ఇటుకలు లాగడం, దించడం. అట్లా మనిషితో సహా కుర్చీని కిందికి తెచ్చాం. చట్రం నేలను తాకింది. అయిపోయిందనుకున్నాను.

మల్లయ్య వంగి, పోశం కింద నవారుకూ నేలకూ మధ్య చెయ్యి దూర్చాడు. చెయ్యి అవతలికి వచ్చింది.

"సందున్నది. నేల తాకలే."

నేను చట్రం పక్కన కూర్చున్నాను. చట్రాన్ని ఇంకా ఎక్కడ కోస్తే వాలు పోకుండా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. అన్నేళ్ల నక్షాలలో ఆ లెక్క నాకు ఎప్పుడూ రాలేదు. సత్తెమ్మ నా పక్కన కూర్చుంది. నవారు వదులైనప్పుడల్లా ఆమే బిగించేది, ముడి ఎక్కడుందో ఆమెకు తెలుసు. చట్రం వెనక చెయ్యి పెట్టి ముడి విప్పింది. మేం నలుగురం పోశం తుంటి కింద చేతులు పెట్టాం. ఆమె ఒక వరస నవారు లాగింది. ఇంకో వరస లాగింది. పోశం మా చేతుల మీద కొంచెం కొంచెం దిగాడు. వీపు మాత్రం అదే వాలుకు ఆని ఉంది. ఊపిరి తెగలేదు. ఆఖరి వరస వచ్చేసింది. మేం చేతులు తీశాం. పోశం మట్టి నేల మీద కూర్చున్నాడు, కూర్చునే చోటు లేని కుర్చీలో.

మల్లయ్య మళ్లీ చెయ్యి పెట్టి చూశాడు. వేళ్లు దూరలేదు.

"ఆఁ" అన్నాడు. "నేలనే."

పోశం తన రెండు అరచేతులూ ఇరుపక్కలా నేల మీద పెట్టుకున్నాడు. "సల్లగున్నది" అన్నాడు.

ఆ రోజు పోలేదు. మరునాడు పొద్దెక్కాక పోయాడు. చివరివరకూ ఊపిరి నెమ్మదిగానే ఆడిందని, ఎప్పుడు ఆగిందో పక్కన ఉన్నా తెలియలేదని సత్తెమ్మ చెప్పింది.

ఈ పనిలోకి వచ్చేవారికి ఇది ఎందుకు రాస్తున్నానంటే, నేను చేసిన వస్తువుల్లో అందరూ మెచ్చుకున్నవి చాలా ఉన్నాయి. వాటి పక్కన నిలబడి ఫోటో దిగినవీ ఉన్నాయి. కానీ ఒక వస్తువు ఎందుకు ఉందో నాకు పూర్తిగా అర్థమైంది, దాన్ని విప్పి పక్కన పెట్టిన ఆ పూట. విప్పడం రానివాడికి చేయడం సగమే వచ్చినట్టు.

ఆ తర్వాత

నాగ్‌పూర్ నుంచి బోర్డు ఫర్నిచర్ పెట్టెల్లో రావడం మొదలైంది. విప్పి, నాలుగు స్క్రూలు తిప్పితే టేబుల్. మేడం లాంటి గిరాకీలు కాగితాలు తేవడం మానేశారు. కాగితంలో ఉన్నదే దుకాణంలో ఉంది, మాకంటే చవకగా ఉంది. సేటు షెడ్డు మూసి, ఆ జాగాలోనే ఆ బోర్డు ఫర్నిచర్ కంపెనీ ఏజెన్సీ తీసుకున్నాడు. బ్రహ్మయ్యను స్క్రూలు తిప్పే పనికి పిలిచాడు. బ్రహ్మయ్య వెళ్లాడు, కొన్నాళ్లు చేశాడు, మానేశాడు. దర్వాజాలకు, కిటికీలకు కూలికి పోయేవాడు. ఆ బోర్డు వానాకాలంలో నానితే బిస్కెట్‌లా ఉబ్బుతుందని చెప్పి సంతోషించేవాడు. ఆ సంతోషం చూడడానికి నాకు బాధగా ఉండేది. ఉబ్బినా జనం అదే కొన్నారు.

అంత్యక్రియలు అయ్యాక పోశం కుర్చీ చట్రాన్ని వాళ్ల పద్ధతి ప్రకారం కాష్ఠం దగ్గర వదిలేయాలి. చనిపోయినవాడి మంచాన్ని ఇంట్లో ఉంచుకోరు. దాన్ని మల్లయ్య తన ఊరి బస్సు మీద కట్టించుకుని తీసుకుపోయాడని విన్నాను. పట్టింపులన్నీ పట్టుకుని కూర్చునే మనిషి ఆ ఒక్కటి ఎందుకు వదిలేశాడో అప్పుడు అడగలేదు.

షెడ్డు మూశాక రాజురా వైపు ఒక ఇంటి కిటికీల కొలతలకు పోయినప్పుడు ఆ ఊరు దారిలో తగిలింది. మల్లయ్య ఇంటి ముందు అరుగు దిగువన నేల మీద, కాళ్లు చాపుకుని, ఆ చట్రానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్లు లేవు, నవారు లేదు. ఎట్లా వదిలేశామో అట్లాగే ఉంది.

"ఏం మల్లన్నా, మంచిగున్నవా?"

"రా మేస్త్రీ, కూసో." చాయ్ చెప్పాడు. చాలాసేపు పంటల సంగతి మాట్లాడాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు. "రాత్రి పండుకుంటె ఊపిరాడుతలేదు. వెల్లెలకల పంటె సాలు, పానం పోయినట్టయితది. చాందాల సూపెట్టుకున్న, నాగ్‌పూర్ల సూపెట్టుకున్న. ఛాతి ఫోటో తీసిన్రు. ఏం రోగం లేదంటున్నరు."

"ఎన్నడి సంది?"

"గా దినం పొద్దుగాల సంది. నేను పండవెట్టంగ నా మొఖమే సూసిండు వాడు."

నేను అతను ఆనుకున్న చట్రం వైపు చూశాను. అతను తమ్ముడి కంటే పొడుగు కాబట్టి తల ఆనే పట్టీ అతనికి మెడ దగ్గరికే వచ్చింది, తల వెనక్కి వేలాడుతోంది. మరుసటి వారం బ్రహ్మయ్యను వెంటబెట్టుకుని వెళ్లి, ఆ పట్టీని ఊడదీసి పైకి బిగించి వచ్చాం.